అవ్వ గడపకు తొమ్మిది గీతలు

మా చిన్నప్పుడు... వంట పూర్తయ్యేదాకా నేను పొయ్యి ముందు నుంచి లేవకూడదు. పిడకలు ఎగదోస్తూ మంట ఆరకుండా చూడాలి. అమ్మ ఒక్కచోట ఉంటే కదా! నీళ్లకో నడక, పిండికో నడక... ఇక ఉప్పు, కారం, చింతపండు, నూనె, ఒక్కోదానికి ఒక్కో నడక.

అవన్నీ అవ్వ గదిలో తాళం కింద ఉండేవి. అవ్వ అంటే మా బాపు తల్లి, మా నాన్నమ్మ. ఉప్పు అడిగితే ఉప్పు మాత్రమే ఇచ్చేది. కారం కావాలంటే మళ్లీ రావాలి. "అన్నీ ఒక్కపారే ఇస్తే దుబారా జేస్తరు" అనేది.

అలా నాకు రోజూ బడి ఆలస్యం. హాజరు అయ్యాక వస్తే పంతులు గుమ్మం బయటే నిలబెట్టేవాడు. ఒకరోజు ఇక విసిగిపోయి "రేపు సుత గిట్లనే వస్తే నీ పేరు కొట్టేస్త" అన్నాడు.

ఆ రోజు బయట నిలబడే ఎల్లారెడ్డి తాలూకా పటం గీయడం నేర్చుకున్నాను. ఊరికి చుక్క, దారికి గీత. పటం... ఆ కొత్త మాటను బెల్లంముక్కలా చప్పరిస్తూ ఇంటికి వచ్చాను.

సాయంత్రం వంటప్పుడు పొయ్యి పక్కన నేల మీద సుద్దతో మా ఇంటి పటం గీశాను. పొయ్యి, నీళ్ల గోలెం, పిండి కుండ, అవ్వ గడప... నాలుగు చుక్కలు. అమ్మ లేచి వెళ్లినప్పుడల్లా ఒక గీత. నీళ్లకు రెండు. పిండికి ఒకటి. అవ్వ గడపకు తొమ్మిది! గీత మీద గీత పడి అక్కడ నేలంతా తెల్లబడింది.

అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా పటం ఆమెకే ముందు అర్థమైంది.

"ఏందే గిది?"

"అమ్మ నడక, అవ్వా. అన్నీ ఒక్కసారే ఇస్తే..."

"నా గడపకు గీతలు గీస్తవా? ఆడిపిల్లకు సదువు గిందుకేనా? ఏమే కోడలా, నువ్వే నేర్పినవా? పేడ తే... అలుకు!"

అమ్మ పేడ తెచ్చి అలికేసింది. నా వైపు కూడా చూడలేదు. ఆ పూట నాకు ఇద్దరి మీదా ఒకే అసహ్యం.

తెల్లవారింది. అమ్మ తట్టలో నాలుగు గిన్నెలు పెట్టుకుని అవ్వ గడప ముందు నిలబడింది.

"అన్నీ ఇయ్యి అత్తా."

"ఉప్పు పట్టుకపో. కారానికి మళ్ల రా."

"రాను."

అంతే... కదల్లేదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది. కాలువ నీళ్లు మా వంతుకు వచ్చే పొద్దు అది. పొలానికి పట్టుకుపోయే సద్ది కోసం బాపు వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఇయ్యరాదే అవ్వా! నీళ్లు పోతయ్!" అని అరిచాడు.

అవ్వ ఒక్కో గిన్నె నింపి నేలకేసి కొట్టినట్టు పెట్టింది. "తినుండ్రి... నా ఇల్లు ముంచి తినుండ్రి!"

ఆ రోజు హాజరు కంటే ముందే బడిలో ఉన్నాను. అవ్వ మాత్రం పోయేదాకా నన్ను పేరుపెట్టి పిలవలేదు. "గీతల పోరి" అనే అనేది.

ఇప్పుడు పట్నంలో చదువుకుంటున్నాను. తాళంచెవి అమ్మ నడుముకు వచ్చింది. మొన్న సెలవులకు వెళ్తే, అన్న పెళ్లి చేసుకుని తెచ్చిన మా వదిన ఉప్పు గిన్నెతో అమ్మ గడప ముందు నిలబడి ఉంది.

"కారానికి మళ్ల రా" అంది అమ్మ. అదే గొంతు...

సుద్దముక్క నా సంచిలోనే ఉంది. తీయలేకపోయాను. అవ్వ గడపకు గీయడం ఎంత సులువుగా ఉండేది!

మీ ఇంట్లో ఉప్పు ఎవరి గదిలో ఉండేది? ఇప్పుడు ఎవరి గదిలో ఉంది? నిజం రాయండి...