సైన్ ముప్పై ఎంత?

ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే మా నాన్న తీసుకునేవాడు కాదు. తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. అమ్మకి నర్సు ఉద్యోగం రావడంతో సిడ్నీ వచ్చి, రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం డ్యూటీలో చేరాడు. వచ్చిన మొదటి ఏడాదే ఒకాయన "మనవాళ్ళే కదా" అంటూ అమ్మిన కారు ఆరు వారాలకి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. దాని మీటరు వెనక్కి తిప్పేశారని మెకానిక్ చెప్పాడు. అప్పట్నుంచి నాన్నకి ప్రతిదాని వెనకా ఏదో ఉన్నట్టే కనిపించేది.

నేను పదకొండో తరగతికి వచ్చేసరికి మేం సిడ్నీ శివార్లలో ద పాండ్స్‌లో ఉంటున్నాం. ఏడాది మొదట్లో స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది. పరీక్షల్లోకి ఆమోదించిన క్యాలిక్యులేటర్లే తేవాలి. గ్రాఫులు గీసేవీ, సమీకరణాలు వాటంతటవే సాధించేవీ పనికిరావు. కింద మోడళ్ళ జాబితా, ఆ జాబితా కింద "స్కూల్ ఆఫీసులో కూడా దొరుకుతాయి" అని ఒక ముక్క.

నాన్న ఆ చివరి ముక్క దగ్గరే ఆగిపోయాడు. "చూశావా? జాబితా వాళ్ళదే, అమ్మకం వాళ్ళదే."

"అందరూ అక్కడే కొంటారు నాన్నా."

"అందుకే కదా అమ్ముతున్నారు."

తర్వాతి శనివారం మా దగ్గర్లోని బ్లాక్‌టౌన్‌లో స్టేషనరీ షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఉన్నదాని మీద అంకెలన్నీ సరిపోయాయి కానీ చివర ఒక అక్షరం జాబితాలో లేదు. రెండూ ఒకటేనని షాపులో అమ్మాయి చెప్పింది. ఒకటే అయితే ఆ అక్షరం ఎందుకు పెట్టారని నాన్న అడిగాడు. ఖాళీ చేతులతో వచ్చేశాం. ఆన్‌లైన్లో చూస్తే నకిలీవి అచ్చం అసలువాటిలాగే ఉంటున్నాయని ఎవరో రాశారు. దాంతో ఆ దారీ మూసుకుపోయింది.

సంగతి అమ్మ ద్వారా చర్చిలో ఒక ఆంటీకి తెలిసింది. ఆవిడా అమ్మా ఒకే హాస్పిటల్లో పనిచేసేవాళ్ళు. ఆవిడ పెద్దమ్మాయి మా స్కూల్లోనే చదివి, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుని, యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చేస్తోంది. చిన్నమ్మాయి నా క్లాసే. ఏడో తరగతి నుంచి లెక్కల పీరియడ్లో నా పక్కనే కూర్చునేది. ఒకే బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళం.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆంటీ బ్యాగులోంచి క్యాలిక్యులేటర్ తీసి నా చేతిలో పెట్టింది. "పెద్దదానిదమ్మా. ఇప్పుడు దానికి వేరేది ఉంది. ఇది నువ్వు వాడుకో."

నాన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని, వెనక్కి తిప్పి, నంబరంతా చదివాడు. జాబితాలో ఉన్నదే. అయినా, "ఎక్కడ కొన్నారు సిస్టర్? బిల్లుందా?" అన్నాడు.

ఆంటీ నవ్వు సగంలో ఆగింది. "అమ్మట్లేదు కదా బ్రదర్, బిల్లెందుకు?"

అమ్మ వెంటనే థాంక్స్ చెప్పి, దాన్ని నా బ్యాగులో వేసి, మాట మార్చింది.

ఆ బుధవారం త్రికోణమితి హోంవర్క్ చేస్తుంటే నా సమాధానాలు పుస్తకం వెనక ఉన్నవాటితో ఒక్కటీ కలవలేదు. చివరికి తెలిసినదే కొట్టి చూశాను. సైన్ ముప్పై. సగం రావాలి. 0.4540 వచ్చింది. సైన్ తొంభై కొడితే ఒకటికి బదులు 0.9877. కూడికలు, గుణకారాలు, వర్గమూలాలు మాత్రం శుభ్రంగా వచ్చాయి.

నాన్నని పిలిచాను. తన ఫోన్లో అవే కొట్టి చూసుకున్నాడు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"పూర్తిగా తప్పు చెబితే వెంటనే దొరికిపోతుంది. ఇది కొంచెం కొంచెం తగ్గిస్తోంది. ఎవరికీ అనుమానం రాదు."

"పాడైపోయిందేమో."

"పాడైందని వాళ్ళకి తెలీదా? అంత బాగా చదివే పిల్ల వాడింది కదా?" గొంతు తగ్గించాడు. "ఆ చిన్నమ్మాయి నీ క్లాసే కదూ?"

వంటింట్లోంచి అమ్మ, "ఛ, ఏం మాటలండీ అవి, పిల్ల ముందు!" అని అరిచింది.

కానీ ఆ మాట నాలో దిగిపోయింది. వచ్చే టెస్టు మార్కులు కూడా చూసే ఏడాది చివర్లో పై స్థాయి లెక్కల క్లాసుకి ఎవరు వెళ్తారో తేలుతుంది. నేనూ ఆ అమ్మాయీ ఎప్పుడూ ఒకటి రెండు మార్కుల తేడాలో ఉండేవాళ్ళం. మర్నాడు నోట్స్ అడిగితే ఇంట్లో మర్చిపోయానంది. ఆ మర్నాడూ అదే మాట. నా కళ్ళలోకి చూడకుండా చెప్పింది. అప్పటిదాకా అలాంటివి నేను పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఒక్కొక్కటీ సాక్ష్యంలా కనిపించింది. లంచ్‌కి వేరే అమ్మాయిలతో కూర్చోవడం మొదలుపెట్టాను. ఆమె ఎందుకని అడగలేదు. అడగకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

టెస్టు సోమవారం. ఇంకొకటి కొందామని నాన్న శనివారం మళ్ళీ రెండు షాపులు తిరిగి, మళ్ళీ ఏదో వంక పెట్టి, ఏమీ లేకుండా వచ్చాడు. పక్కవాళ్ళని అడిగి తీసుకుందామంటే నా పక్కన ఉన్నది ఆ అమ్మాయే. ఆ క్యాలిక్యులేటర్‌తోనే టెస్టు రాయడానికి కూర్చున్నాను. ప్రతి లెక్కా చివరిదాకా చేసి, సైన్లూ కొసైన్లూ అలాగే వదిలేసి, అంకె వేయాల్సిన చోట ఖాళీ పెట్టాను. అది చూపించే అంకె వేయడానికి చెయ్యి రాలేదు.

రెండు రోజుల తర్వాత లెక్కల టీచర్ నన్ను స్టాఫ్‌రూమ్‌కి పిలిచింది. నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. బల్ల మీద రెండు పేపర్లున్నాయి. ఒకటి నాది, రెండోది నా పక్కన కూర్చునే ఆ అమ్మాయిది.

"రెండింట్లో లెక్క చేసిన పద్ధతి ఒకటే," అంది. "ఆ అమ్మాయికి సమాధానాలున్నాయి. నీకు లేవు. ఎందుకని?"

ఆవిడ ఏమడుగుతోందో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. నేను పక్క పేపర్లోకి చూశానని, అంకెలు మాత్రం కనిపించలేదని ఆవిడ అనుకుంటోంది. ఊరికే కాదంటే నమ్మదనిపించింది. బ్యాగులోంచి క్యాలిక్యులేటర్ తీసి ముందు పెట్టాను. "ఇది అబద్ధం చెబుతుంది," అన్నాను.

టీచర్ సైన్ ముప్పై కొట్టింది. స్క్రీన్ పై అంచున ఉన్న చిన్న అక్షరాన్ని గోటితో చూపించింది. జి. దాన్ని నేను చాలాసార్లు చూశాను, కంపెనీ గుర్తేమో అనుకున్నాను.

"కోణాన్ని డిగ్రీల్లో కొలవడం నీకు తెలుసు. ఇది ఇంకో కొలత. ఇందులో లంబకోణం తొంభై కాదు, వంద. కొన్నిచోట్ల భూమి కొలిచేవాళ్ళు వాడేవారు. ఎవరో మార్చి వదిలేశారు."

మూడు మీటలు నొక్కి నా చేతికిచ్చింది. సైన్ ముప్పై, సగం.

ఆవిడ నా పేపర్ మళ్ళీ మొదటి నుంచి చూసింది. "కాపీ కొట్టినవాళ్ళు కొట్టివేతలు ఇలా వదలరు," అంది చివరికి. "పద్ధతికి మార్కులిస్తాను. లేని సమాధానాలకి ఇవ్వలేను." తలుపు దగ్గరికి వెళ్ళాక పిలిచి, "టెస్టుకి ముందే నన్ను అడిగి ఉండాల్సింది," అంది.

ఆ సాయంత్రం బస్టాపులో ఆ అమ్మాయికి అంతా చెప్పాను. వాళ్ళమ్మ కావాలనే పాడైనది ఇచ్చిందని మేం అనుకున్నాం అన్న మాట కూడా దాచలేదు. ఆమె రోడ్డు వైపే చూస్తూ, ఇంగ్లీషులోనే, మెల్లగా, వాళ్ళక్క యూనిలో సర్వేయింగ్ క్లాసు కోసం అది మార్చి ఉంటుందంది.

"మీ నాన్న బిల్లు అడిగిన రోజే మా అమ్మ ఏడ్చింది. మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారంది. నీకు నోట్స్ ఇవ్వొద్దంది. అవి రెండు రోజులూ నా బ్యాగులోనే ఉన్నాయి."

అంటే నా అనుమానం పూర్తిగా తప్పు కాదు. కాకపోతే అది మా ఇంట్లోంచే బయల్దేరి, వాళ్ళింటికి వెళ్ళి, తిరిగి నా దగ్గరికొచ్చింది.

నాన్నకి చెబితే సైన్ ముప్పై తనే పదిసార్లు కొట్టుకున్నాడు. "ఇవాళ సరిగ్గా చెబుతోంది," అని ఊరుకోబోయాడు. అమ్మ ఊరుకోలేదు. "ఆదివారం వాళ్ళతో మీరే మాట్లాడతారు," అంది.

ఆదివారం డ్యూటీ మార్పించుకుని చర్చికి వచ్చాడు. ప్రార్థన అయ్యాక ఆంటీ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు మాదే సిస్టర్. మీరు ఇచ్చింది మంచిదే," అన్నాడు.

ఆంటీ ఆయన ముఖంలోకి ఒక నిమిషం చూసింది. నిజంగా అంటున్నాడా, అమ్మ అనిపిస్తోందా అని తూచుతున్నట్టుంది. "సరే బ్రదర్, టీ తాగండి," అంది.

టీ తాగాడు. ఆ ఏడాది చివర్లో ఆ అమ్మాయీ నేనూ ఇద్దరం పై క్లాసుకి వెళ్ళాం. తను హాయిగా, నేను ఒక్క మార్కుతో. మళ్ళీ పక్కపక్కనే కూర్చున్నాం, నోట్స్ ఇచ్చిపుచ్చుకున్నాం. కానీ పేపర్లు తిరిగిచ్చిన ప్రతిసారీ ఇద్దరం మార్కుల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసుకునేవాళ్ళం. ఆ చెయ్యి తీసెయ్యమని ఆమె నన్ను అడగలేదు, నేనూ ఆమెని అడగలేదు.