మా తోడల్లుడి యాప్‌ని నేను బాగుచేసిన విధం

యానాంలో ఎవరైనా మునిగితే గోదావరి వరదలో మునుగుతారు. నేను మాత్రం ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, ఒక్క బటన్ నొక్కి మునిగాను. చెబుతాను, నవ్వుకోండి. అప్పట్లో నాకైతే నవ్వు రాలేదు.

నాది రొయ్యల ఫీడ్ షాపు. పద్దెనిమిదేళ్ళుగా అదే వ్యాపారం. మా ఆవిడ ధనలక్ష్మి చెల్లెలి భర్త శ్రీనుకి కనకాలపేటలో అలాంటి షాపే ఉంది. తోడల్లుళ్ళం కాబట్టి ఫంక్షన్లలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తాం. మిగతా రోజుల్లో ఒకరి షాపు ముందు ఎన్ని బళ్ళు ఆగాయో మరొకరం ఓరకంట చూసుకుంటాం.

మూడేళ్ళ క్రితం శ్రీను యాప్ పెట్టాడు. రైతు చెరువు గట్టు మీద నిలబడి ఫోన్‌లో నొక్కితే బస్తాలు గట్టు మీదికే వచ్చేస్తాయట. ఎక్కడో పరాయి దేశంలో కూర్చున్న ఇంజనీరు చేత ఆన్‌లైన్‌లోనే చేయించాడట. ఏ సైట్‌లో దొరికాడని అడిగితే, "అవన్నీ మీకెందుకులెండి అన్నయ్యా, తలనొప్పి" అన్నాడు. నా తల అప్పుడే నొప్పెట్టడం మొదలుపెట్టింది.

దానికి తోడు మా ఆవిడ.

"చెల్లి వాళ్ళ యాప్ చూశారాండి? తెరవగానే రొయ్య మీసాలు కదుపుతుంది."

ఆ మీసాల వల్ల మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

నేనూ ఇంజనీరుని పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. వెతికితే అలాంటి సైట్లు మూడు కనిపించాయి. మొదటి దాంట్లో మనం పని చెబితే ఇంజనీర్లు వేలంపాటలా పోటీపడతారు. రెండో దాంట్లో పరీక్షలు పెట్టి నెగ్గిన వాళ్ళనే ఉంచుతారు. మూడో దాని హోమ్‌పేజీలో నీలి కళ్ళ మనుషులు చేతులు కట్టుకుని నవ్వుతున్నారు. తెలివైనవాడు ఏది ఎంచుకుంటాడో మీకు తెలుసు. నేను మూడోది ఎంచుకున్నాను. శ్రీను ఇంజనీరు కంటే నా ఇంజనీరు తెల్లగా ఉండాలి, అంతే.

సైట్ తెరవగానే రెండు బటన్లు వచ్చాయి. ఒకటి పని ఇచ్చేవాళ్ళది, ఇంకొకటి పని చేసేవాళ్ళది. పొద్దున్నించి రాత్రి దాకా చేసేది పనే కదా అని రెండోది నొక్కాను. పేరు అడిగితే, అసలు పేరు పెడితే శ్రీనుకి తెలిసిపోతుందని 'రాయల్' అని పెట్టాను. ఫోటో అడిగితే మంచి టైగర్ రొయ్యది పెట్టాను. అనుభవం పద్దెనిమిదేళ్ళు. ప్రావీణ్యం రొయ్యల ఫీడ్.

రెండు రోజుల తర్వాత 'ఎస్. బాబు' అనే ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. సైట్‌లో ఊరు కనిపించదు, దేశం ఒక్కటే కనిపిస్తుంది. మనవాడే అని కాస్త నిరుత్సాహపడ్డాను గానీ, ఆయన ప్రశ్నలు చూసి ముచ్చటేసింది. రొయ్యల వ్యాపారం గురించి తెలుసా అని అడిగాడు. నా అంత తెలిసినవాడు లేడన్నాను. మీకు తెలుసా అని అడిగితే, ఆరేళ్ళుగా అందులోనే ఉన్నానన్నాడు. ఇంతటి ఇంజనీరు నాకు దొరికాడంటే శ్రీను ఏమైపోతాడో అని ఒళ్ళు పులకరించింది.

వారం రోజులు ఇంగ్లీషులో మెసేజ్‌లు నడిచాయి. ఎప్పుడు మొదలుపెడతారని ఆయన అడుగుతాడు. మీరెప్పుడంటే అప్పుడే అని నేనంటాను. ఒకరోజు మనసు విప్పి, తమ లైన్‌లో ఒక సీనియర్ ఉన్నాడనీ, ఎంత కష్టపడినా కస్టమర్లు ఆయన్నే పట్టుకుని వేలాడుతున్నారనీ, చూస్తే కడుపు మండిపోతోందనీ రాశాడు. సాఫ్ట్‌వేర్ లైన్ అనుకున్నాను. పాపం అనిపించి, అలాంటి మొండి ముసలాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, దిగులుపడకండి అని ఓదార్చాను.

తర్వాత వీడియో కాల్ పెట్టుకున్నాం. తలకి రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాను. తెర మీద శ్రీను ప్రత్యక్షమయ్యాడు.

ఆ ముసలాడెవరో అప్పుడు అర్థమైంది నాకు.

"అన్నయ్యా, రాయల్ అంటే మీరాండి?" అన్నాడు శ్రీను.

"నువ్వేంటి ఇక్కడ?"

"మా యాప్ పాడైపోయిందండి. ఆర్డర్ నొక్కితే మీసాలు కదులుతాయి గానీ ఆర్డర్ నాకు రాదు. ఏడాదిగా రైతులు ఫోన్ చేసి చెబితేనే పంపుతున్నానండి. బయట చెప్పుకుంటే పరువు పోద్దని ఎవరికీ చెప్పలేదు. మీకు ఈ పని కూడా వచ్చాండి?"

అక్కడ ఆగి నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు శ్రీను మొహం చూశాను. అచ్చం మూడేళ్ళుగా అద్దంలో నేను చూసుకుంటున్న మొహమే. వాడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు. ఎండలో తిరిగి వచ్చి చల్లటి కొబ్బరినీళ్ళు తాగినట్టయింది.

"ఆయ్, ఏదో కొద్దిగా వచ్చులే" అన్నాను.

యాప్ బాగుచేసే పని నా నెత్తిన పడింది. ఇక తప్పదు. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని పని ఇచ్చేవాళ్ళ బటన్ నొక్కాను. పరీక్షలు పెట్టే సైట్‌కే వెళ్ళాను. హైదరాబాద్‌లో ఉండే ఒక తెలుగమ్మాయి దొరికింది. రిపేరు చెయ్యాల్సిన యాప్ చూపించాను. అంతా చూసి, ఇది మీ షాపుదేనా అని అడిగింది. కాదు, పోటీ షాపుదని చెప్పాను.

ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. "సర్, మీ పోటీ షాపు యాప్‌ని మీ ఖర్చుతో బాగుచేయిస్తున్నారా?"

"అది మా ఫ్యామిలీ మేటరమ్మా" అన్నాను.

అమ్మాయి బంగారం. పది రోజుల్లో యాప్ పరుగెత్తింది. ఆర్డర్ నొక్కడమే ఆలస్యం, శ్రీను ఫోన్ మోగుతోంది. దరియాలతిప్ప రైతులు ఇద్దరు, పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గర తప్ప కొననివాళ్ళు, అటు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు షాపుకి వచ్చి మరీ, "మీరు చేసిన యాప్ చాలా బాగుందండి" అని మెచ్చుకున్నారు.

మా ఆవిడ పొంగిపోయి, "మరిది గారికి అంత బాగా చేసిపెట్టారు కదా, మనకి ఎప్పుడు చేస్తారండి?" అని అడిగింది. చేస్తానన్నాను. అడిగినప్పుడల్లా అదే అంటున్నాను.

అందుకే ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఈ జన్మలో ఎవరి సొత్తు చూసీ కుళ్ళుకోను. రాని పని వచ్చని చెప్పను. శ్రీను నిన్న చెరువుల మీద మేత చల్లే డ్రోన్ కొన్నాడట. నేను చూడలేదు. దాని ధర ఎంతో కనుక్కున్నాను, అంతే.