కుండ కింద మొలిచిన దండ

నోరు మెదపని ఆడపిల్లకు బుద్ధిమంతురాలనే పేరు ఊరికే వచ్చేసే రోజులవి. ఆ లెక్కన ఉదయగిరిలో మా వీధి మొత్తానికి నన్ను మించిన బుద్ధిమంతురాలు లేదు. నిజానికి నా దగ్గర మాటలకేమీ కరువు లేదు. కాకపోతే అవి గొంతు దాకా వచ్చి, ఎదురుగా మనిషి కనబడగానే, వాకిట్లో కొత్తవాళ్ళను చూసిన పసిపిల్లల్లా లోపలికి పరుగెత్తేవి. అలా వెనక్కి పోయిన మాటలన్నింటినీ పట్టుకొచ్చి డైరీలో కూర్చోబెట్టేదాన్ని. (ఆ డైరీ కూడా మా నాయన పనిచేసే బడిలో ఎవరూ వాడకుండా మిగిలిపోయిన కిందటి సంవత్సరానిది. అందువల్ల నా డైరీలో మేము ఆదివారం ప్రార్థనకు ఎప్పుడూ శనివారమే వెళ్ళేవాళ్ళం.)

పదో తరగతి పరీక్షలు రాసిన ఆ ఎండాకాలం నన్ను ఆత్మకూరులో పెద్దమ్మ దగ్గర దించి వచ్చారు. పెద్దమ్మ నర్సు. ఆమె అద్దెకున్న ఇంటి పెరటి గోడ మీద ఒక తీగ ఉండేది. పగలు చూస్తే ఏదో పాదులా, ఎవరికీ పట్టనట్టు ఉండేది. పొద్దు కుంకి, గోడల వేడి కాస్త తగ్గగానే, చుట్టిపెట్టిన గొడుగుల్లాంటి మొగ్గలు ఒక్కసారి వణికి, మెలిక విప్పుకుని, అరచేతంత తెల్లటి పూలయ్యేవి. ఆ వాసన మల్లెపూల వాసనలా మీద పడేది కాదు. పక్క గదిలో ఎవరో మెల్లగా పాడుతుంటే చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి వింటామే, అలా ఉండేది. తెల్లవారేసరికి పూలన్నీ వాడిపోయేవి. దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. మాపటేళ పూస్తుంది కాబట్టి పెద్దమ్మ దాన్ని మాపటి తీగ అనేది. ఎవరితోనూ మాట్లాడకుండా పగలంతా ముడుచుకుని, చీకటి పడ్డాక తనలో తాను విచ్చుకునే ఆ తీగ మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో వేరే చెప్పాలా?

నేను ఊరికి బయలుదేరే రోజు పెద్దమ్మ నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. లోపల శనగల కంటే కొంచెం పెద్దవి, దంతం రంగు గింజలు.

"ఇంటాయన ఆ గోడ పడగొట్టి గది కట్టుకుంటాడంటమే. తీగ పోయినట్టే. ఇంక ఈ గింజలే మిగిలినాయి. నువ్వు మొలిపిస్తే ఉండాది, లేకుంటే లేదు," అంది పెద్దమ్మ. "చూడు, ఇది రాయి మాదిరి గింజ. పైతోలు కొంచెం అరగదీసి తడిలో పెట్టు. ఊరికే మట్టిలో పారేస్తే ఏళ్ళు పట్టినా కన్ను తెరవదు. వానలు ఎనకబడినాక వచ్చి పూలు చూస్తా."

బస్సులో దారి పొడుగునా పొట్లాన్ని గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను. ఒక జాతి జాతంతా నా గుప్పిట్లో ఉందని డైరీలో రాసుకున్నాను కూడా. (చదివిన కథల ప్రభావం. క్షమించాలి.)

ఇంటికి వచ్చాక గింజను గచ్చు మీద రుద్దితే నా వేలి తోలు అరిగింది గాని దాని తోలు అరగలేదు. మా పక్కిల్లే చెంచాల మామది. మా ఊళ్ళో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్ళు చాలా ఉన్నా, వీధిలో అందరికీ చెంచాల మామ అంటే ఆయనే. ఆయన వసారాలో ఆకురాళ్ళు రకరకాలవి వరసగా ఉండేవి. వెళ్ళాను. గడప దగ్గర నిలబడ్డాను. మామ తలెత్తి చూసి, "ఏంది పాపా?" అన్నాడు. దారిలో నేను కూర్చుకున్న వివరమంతా, పెద్దమ్మ, తీగ, గోడ, వాసన, అన్నీ ఒక్కసారిగా లోపలికి పారిపోయాయి. "ఇవి అరగదీసి ఇస్తావా మామా" అన్న ముక్క మాత్రం ఎలాగో బయటపడింది. మామ ఒక గింజను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. "బలే ఉండాయి పాపా! ఎక్కడ దొరికినాయి? నువ్వు పో, నేను జూసుకుంటా గదా," అన్నాడు. అంత శ్రద్ధ చూపించే మనిషికి ఇంకేం చెప్పాలి అనుకుని వచ్చేశాను.

మూడో రోజు సాయంత్రం మామ మా వాకిట్లోకి వచ్చి, చేయి వెనక దాచిపెట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆ చేయి ముందుకు వచ్చింది. చేతిలో దండ ఉంది. నా గింజలే. ప్రతి గింజకూ బరమాతో సన్నగా బెజ్జం వేసి, అద్దంలా నునుపు చేసి, మధ్య మధ్య ఎర్రటి చెక్కపూసలు కలిపి గట్టి దారానికి గుచ్చాడు.

"మా ఇంటామె నమాజు కాడ తిప్పే తస్బీ పూసలు కూడా ఇంత నున్నగా తియ్యలేదు పాపా. ఒకటి రెండు పగిలినాయి, ఏమనుకోబాక," అన్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కానీ ఆయన ముఖంలో ఆ సంతోషం చూశాక నా నోరు పూర్తిగా పూడుకుపోయింది. మా అవ్వ వచ్చి దండ చూసి, "ఎంత బాగుండాదో! ఏసుకోమే, ఏసుకో. పెద్దాయన కష్టపడి చేసినాడు. మెడలోంచి తియ్యబాక," అని తనే నా మెడలో వేసింది. చావడానికి సిద్ధంగా ఉన్న ఒక తీగనంతా మెడలో వేసుకుని ఆదివారం ప్రార్థనకు వెళ్ళాను. అందరూ బాగుందన్నారు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, ప్రార్థనలో ఎంత లీనమైందో పిల్ల అని కూడా అన్నారు.

వానలు వెనకబడ్డాక వస్తానన్న పెద్దమ్మ, దుత్తలూరులో చుట్టాల పెళ్ళి ఉందని, పనిలో పనిగా మా ఇంట్లో వారం ఉండి పోదామని ముందే ఒక మాపటేళ వచ్చేసింది. చెప్పులు విప్పకముందే అడిగిన మాట, "మొలకలేవిమే?"

"ఇంకా రాలా పెద్దమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. అందులోనే నాకు కొంచెం ధైర్యం.

"రాయి గింజలే అవి, ఓర్చుకోవాలి," అంటూ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. చూపు దండ మీద పడింది. "ఇదేందిమే, యాడ కొన్నారు? నున్నగా బలే ఉండాయే పూసలు!" అని తన గింజలనే వేళ్ళ మధ్య దొర్లించింది. "ఇప్పుడు సరిగ్గా కనపడ్లా. పొద్దున ఎలుతుర్లో చూసి ఇట్టాంటిదే నేనూ చేయించుకుంటా," అంది.

పొద్దున వెలుతురు వచ్చేలోపల ఆ దండ మాయం కావాలి. అందరూ వసారాలో మాటల్లో ఉండగా లోపలికి వెళ్ళి, దండ తీసి, దాన్ని ఎక్కడ దాచాలా అని చూశాను. బియ్యం డబ్బాలో వేస్తే అమ్మ, పెట్టెలో పెడితే అవ్వ కనిపెట్టేస్తారు. కిటికీ పక్కన మట్టికుండ ఉంది. నీళ్ళు చల్లగా ఉండాలని దాని కింద అడుగు మందాన ఇసుక పోసి, ఎప్పుడూ తడుపుతూ ఉండేవాళ్ళం. కుండ పక్కన ఇసుకలో గుంట చేసి, దండను చుట్టి పెట్టి, కప్పేశాను. సమాధి చేశాను అంటే సరిగ్గా ఉంటుంది. డైరీలో ఆ రోజు ఖాళీ. నాకు నేను చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

దండ ఏదని అవ్వా పెద్దమ్మా అడిగితే "తీసి పెట్టినా" అన్నాను. పెద్దమ్మ పెళ్ళికి పోయి వచ్చింది, అవ్వతో పాత కబుర్లన్నీ అయిపోయాయి. ఆమె ఆత్మకూరు బయలుదేరే రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా కుండ దగ్గర్నుంచి కేక వినిపించింది.

"ఒసే బంగారు తల్లీ! ఇట్రావే!"

వెళ్ళి చూస్తే పెద్దమ్మ చెంబు పక్కన పెట్టి గొంతుక్కూర్చుని ఉంది. కుండ పక్కన తడి ఇసుకలోంచి రెండు మొలకలు, చీలిన జంట ఆకులతో, కిటికీ వైపు మెడ చాచి ఉన్నాయి.

"మొలకలు రాలా అంటివే, దొంగా! చల్లంగా ఉంటాదని కుండ కింద పెట్టినావా? ఎంత తెలివే నీకు!" అంది పెద్దమ్మ. నాకు మాట రాలేదు. (ఈసారి సిగ్గు వల్ల కాదు.) "ఉండు, ఏరు ఎట్టుండాదో చూస్తా," అని ఆమె ఇసుకలో వేలు పెట్టి మెల్లగా పైకి లేపింది. మొలక వచ్చింది. దాని వెనక దారం వచ్చింది. దారం వెనక ఎర్రపూస. దాని వెనక ఇంకో గింజ, ఇంకో ఎర్రపూస... దండ మొత్తం ఇసుక రాలుస్తూ పైకి లేచి ఆమె చేతిలో వేలాడింది. పెద్దమ్మ దండను చూసింది, నా ఖాళీ మెడను చూసింది. ఇంక అక్కడే గచ్చు మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. అవ్వ వచ్చి, ఏమైందో తెలియకుండానే ఆమెతో పాటు నవ్వింది. మా అమ్మ పక్కింటికి వెళ్ళి మామను పిలుచుకొచ్చింది.

"ఏందన్నా ఇది? ఇత్తనాలకు బెజ్జాలు కొట్టినావా?" అంది పెద్దమ్మ.

మామ దండను చేతిలోకి తీసుకుని, మొలకను చూసి, నోరు తెరిచాడు. "ఇత్తనాలా! పాప అరగదియ్యమనింది సిస్టరమ్మా. పూసకు బెజ్జం లేకుంటే దండెట్టా అవుద్ది?"

"దండ చెయ్యమనిందా?"

మామ దండను అటూ ఇటూ తిప్పాడు. "అనలా," అని ఒప్పుకున్నాడు. "ఏమీ అనలా. ఈ పిల్ల ఎప్పుడన్నా ఏమన్నా అంటే గదా తెలిసేదానికి!"

నిజమే. కానీ ఆ బెజ్జం వల్లనే గింజలోకి తడి దిగిందని పెద్దమ్మ తేల్చింది. గింజ ప్రాణానికి తగలకుండా అంచున బరమా పడ్డవి మొలిచాయి, మిగిలినవి పూసలుగానే ఉండిపోయాయి. మామ ఆ రెండు మొలకల దగ్గర దారాన్ని, పుల్ల మీద పువ్వు చెక్కేటంత జాగ్రత్తగా కోసి ఇచ్చాడు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఉన్న గోడ మొదట్లో నాటాం. అప్పటి నుంచి వీధిలో కనబడిన వాళ్ళందరికీ, "నేను చేసిన దండకు మొలకొచ్చినాది, తెలుసునా?" అని ఆయన చెప్పుకునేవాడు. గరిటెలు కొనేవాళ్ళు, "ఇది తడిపితే మానైతాదేమో మామా?" అని ఎగతాళి చేస్తే, "నీ చేత్తో కాదులేరా, పాప చేత్తో అయితే అవుద్ది," అనేవాడు.

వానలు వెనకబడ్డాయి. పెద్దమ్మ చెప్పినట్టే సాయంత్రం బస్సుకు వచ్చింది. గోడకు ఇటు మేము, అటు మామ ఇంటివాళ్ళు. వాసనకు పాములొస్తాయని మా అవ్వ ఒక కర్ర పట్టుకుని కూర్చుంది. ("ప్రభువు కాపాడతాడు, అయినా కర్ర ఉంటే మంచిది.") పొద్దు కొండ వెనక్కి దిగింది. ఆ కొండ మీది పాత దుర్గం గోడలు మసకలో కలిసిపోయాయి. మొదటి మొగ్గ వణికింది. అప్పటిదాకా మాట్లాడుతున్న వాళ్ళందరూ ఒక్కసారిగా నాలాంటివాళ్ళైపోయారు. ఒక్కరూ నోరు మెదపలేదు. పువ్వు మెలిక విప్పుకుని తెల్లగా నిలబడింది. చెక్కపొట్టు వాసనా, ఆ పూల వాసనా కలిసి గోడకు రెండు వైపులా తిరిగాయి. చాలాసేపటికి మామ మెల్లగా అన్నాడు, "లోపల ఎవరో కూర్చోని చెక్కినట్టుండాది పాపా." నేను డైరీలో రాసుకోవాలనుకున్న వాక్యం అదే. ఆయన ముందే అనేశాడు.

ఇప్పుడు ఆత్మకూరులోనే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. గది కిటికీకి మాపటి తీగ పాకించాను. మొలవని గింజలూ ఎర్రపూసలూ కలిపి మామ మళ్ళీ గుచ్చి ఇచ్చిన చిన్న దండ అద్దం పక్కన మేకుకు ఉంటుంది. నా నోరు మాత్రం పెద్దగా బాగుపడలేదు. మొన్న టైలరుకు ఆది జాకెట్టు ఇచ్చి ఏదో చెప్పబోయి చెప్పలేక వచ్చేశాను. అతను నాకు ఇష్టం లేని బుట్ట చేతులు కుట్టి, ఎంత బాగా వచ్చాయో చూడమ్మా అన్నాడు. బాగుందన్నాను. ఈ రోజు అదే వేసుకుని ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. సాయంత్రం ముసురు పట్టింది. అద్దంలో ఆ బుట్ట చేతులు చూసుకుని నవ్వు వచ్చి, మేకు మీది దండను తీసి, పూసపూసా తడిమి చూశాను. ఇన్నేళ్ళ తరవాత మొలవవని నాకు తెలుసు. అయినా, ముసురు పట్టిన ప్రతిసారీ ఒకసారి చూసుకుంటాను.