ఎంకపల్లి మల్లయ్య, ఆయన ఆముదం గట్టు

కార్తీక బహుళ షష్ఠి, ఆదివారం. ఎంకపల్లిలో మల్లయ్య ఇంటి ముందు సంతాపసభ. హాజరైనవారు: పురుగుమందుల దుకాణం శంకరయ్య సేటు, భూముల దళారీలు ముగ్గురు, ఒక మాజీ సర్పంచ్, ఇరుగుపొరుగు రైతులు, విశ్రాంత ఉపాధ్యాయుడినైన నేను.

తొమ్మిది రోజుల కిందట పొలం గట్టు మీదే గుండె ఆగి మల్లయ్య మరణించాడని విని నిశ్చేష్టుడనయ్యాను. సభలో విన్నది అంతకంటే దారుణం.

లద్దె పురుగు దేశమంతటా ఉన్నది. పత్తి, పొగాకు, టమాటా, క్యాబేజీ, ఏదైనా తింటుంది. కానీ దాని తల్లి, ఆ గోధుమరంగు రెక్కల పురుగు, గుడ్లు పెట్టడానికి ఆముదం ఆకును మిక్కిలి ఇష్టపడుతుంది. అందుకే మల్లయ్య క్యాబేజీ మడి చుట్టూ ఆముదం నాటి, రోజూ ఉదయం ఆకులు తిప్పి చూసి, గుడ్లున్నవాటిని తెంపి కిరసనాయిలు నీళ్లలో వేసేవాడు. "దానికి ఇష్టమైంది పెట్టిన. ఇగ దానికన్న ముందు లేవాలె, గంతే" అనేవాడు.

ఆయనను చూసి పదిమంది ఆముదం నాటారు. ఆకు తెంపినవాడు ఒక్కడూ లేడు. చెట్టును చూడగానే పురుగు సిగ్గుపడి చస్తుందనుకున్నారు కాబోలు. పురుగులు ఆముదం మీద బలిసి పంటలోకి దిగితే నేరం మల్లయ్యదన్నారు. అయినా వాళ్లకు తీరిక ఎక్కడిది? హైటెక్ సిటీ నుంచి వచ్చే కార్లకు హద్దురాళ్లు చూపడమే అప్పటి సేద్యం.

"ఎకరం అమ్మితే జిందగీ ఆరాం. ఈ ఆకులు తిప్పుడేంది బాపూ?" అన్నాడొక దళారీ.

"అమ్మినంక పొద్దుగాల లేచి ఏం తిప్పుతవ్ బిడ్డా, మీసమా?" అన్నాడు మల్లయ్య.

బతికుండగా ఆయనను "ఆముదం దొర" అని వెక్కిరించిన శంకరయ్యే సభలో "మన ఊరి సైంటిస్టు" అంటూ కన్నీళ్లు తుడుచుకున్నాడు. కన్నీళ్లు నాకు కనబడలేదు, తుడుచుకోవడం కనబడింది. "వదినె, ఏ సాయం గావాల్నన్న అడుగు, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

మల్లయ్య భార్య రాములమ్మ గడప లోపలి నుంచే అడిగింది.

"మాకు మైల. పదకొండో దినం దాకా పంట ముట్టొద్దంటిరి. మీకేం అడ్డం సేటూ? తొమ్మిది దినాలాయె, ఒక్క ఆకు తెంపలే. క్యాబేజీ పోతే ఈ ఏడు మాకు పంటే లేదు. రేపు పొద్దుగాల జర తెంపుండ్రి."

"అందరం వస్తం" అన్నారు, చాయ తాగారు. తొమ్మిది రోజులూ 'మల్లయ్య లేడు' అని డైరీలో రాసుకుంటూ కూర్చున్న నేనూ ఆ అందరిలో ఒకడినే.

మరునాడు ఉదయం నేను వెళ్లేసరికి గట్టు మీద రాములమ్మ ఒక్కతే ఉన్నది. మైల గదా అని నసిగాను.

"పురుగుకు లేదు గద సారూ! పట్టుండ్రి బకెట్."

ఆకులు జల్లెడలైపోయాయి. మరెవరూ రాలేదు. మధ్యాహ్నానికి ఇద్దరం రెండు వైపులు ముగించాము. మూడో వైపున పురుగులు అప్పటికే క్యాబేజీలోకి దిగాయి. నాలుగు వైపులూ మల్లయ్య ఒక్కడే పొద్దుటి చాయ వేళకు ముగించేవాడు. ఆ చేతులకు నమస్కారం. వాటి స్థానంలో ఇద్దరం చాలలేదు.