మూట కోసం నందిగామ దాకా

బిడారు ఆటకి రెండో అచ్చు వచ్చిన దగ్గర్నుంచి జగ్గయ్యపేటలో ఆడేవాళ్లు రెండు ముఠాలయ్యారు. పాత పుస్తకమే పుస్తకం అనేవాళ్లు కొందరు. కొత్తది రాగానే పాతది పొట్లాలకి ఇచ్చేసినవాళ్లు కొందరు. నందిగామ వెళ్లి ఆ పుస్తకం రాసినాయన్ని నిలదీస్తామని నలుగురైదుగురు నా ముందే తొడ కొట్టారు. కొట్టడం తప్ప ఒక్కడూ బస్సెక్కలేదు. నేను ఎక్కాను. మీరూ వెళ్లేట్టయితే ఎలా వెళ్లాలో, అక్కడేం ఎదురవుతుందో తెలియాలని ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతి దాకా చదివాను, ఆ పైన చదువంతా పాత పేపర్లలోదే. నచ్చకపోతే చదవొద్దు.

ఆట ఎరగనివాళ్లకి రెండు ముక్కలు. దీనికి పలక ఉండదు, పావులుండవు. చాప మీద కూర్చుని తలా ఒక వేషం పట్టుకుంటాం: బండివాడు, వర్తకుడు, వైద్యురాలు, కావలివాడు. ఇంకొకడు దారి చెప్తాడు. ఇదిగో వాగొచ్చింది, ఇదిగో సుంకం గేటు, ఇప్పుడేం చేస్తారు అంటాడు. మనం చెప్పిన పని అవుతుందో లేదో ఆరు గవ్వలు వేసి తేల్చుకుంటాం. సముద్రం ఒడ్డున బయల్దేరిన బిడారు కొండ మీది కోట చేరాలి. నెలలు పడుతుంది. ఒక్కొక్కరికి ఒక మూట, మూటలో మూడు వస్తువులు. మొదటి అచ్చులో ఒక సూత్రం ఉంది: దారిలో మనిషి పోతే అతని మూట ఉంచాలి. అంటే మిగిలినవాళ్లలో ఒకరు దాన్ని విప్పకుండా కోట దాకా మోయాలి. మోసినవాళ్లకి ఒక గవ్వ తగ్గుతుంది. కోట గుమ్మం దగ్గర మూట దించి, పోయినవాడి గురించి తలా ఒక మాట చెప్పాలి. ఈ చివరి రెండూ పుస్తకంలో లేవు, మనమే పెట్టుకున్నాం. కోదాడలో ఆడేవాళ్లు కూడా అలాగే చేస్తారని విన్నాను.

మా బండివాడు కోటేశు. జిన్నింగు మిల్లులో నేను యంత్రానికి పత్తి అందిస్తే, అతను ప్రెస్సు దగ్గర బేళ్లు కట్టేవాడు. పోయిన వానాకాలం పచ్చకామెర్లు ముదిరి పోయాడు. ఆటలో బండివాణ్ణి ఎవరూ చంపలేదు, బయట మనిషే పోయాడు. మేం నెల రోజులు చాప పరచలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం అతని భార్య రత్తమ్మ వదిన మేం కూర్చునే వసారా దగ్గరికి వచ్చింది. ఆమెదీ మా మిల్లే, పత్తిలో చెత్త ఏరుతుంది.

"సాంబయ్యా, ఆయన బండి తోలేవాడంట గదా మీ ఆటలో. ఆ బండి యాడిదాకా వచ్చింది?" అని అడిగింది.

మేం చాప తెచ్చి పరిచాం. ఆమే చాప మీద కూర్చుంది. వైద్యురాలి వేషం తీసుకుంది. కోటేశు మూట ఒక అగ్గిపెట్టె. అందులో అతను రాసుకున్న మూడు కాగితం ముక్కలు: పగ్గం, బెల్లం అచ్చు, ఎద్దు మెడ గంట. దానికి దారం చుట్టి ఒడిలో పెట్టుకుని, ఐదు గవ్వలతోనే మాతో సమానంగా నడిచింది. నవ్వడం కూడా మొదలెట్టింది. సుంకం గేటు దగ్గర మా వీరాస్వామి వర్తకుడి వేషంలో అబద్ధాలాడుతుంటే, ఆయనుంటే నీ మూతి పగలగొట్టేవాడు అనేది.

ఆ వీరాస్వామే కొత్త పుస్తకం తెచ్చాడు. మంచి మాట ముందు చెప్తాను. రంగు అట్ట బాగుంది. చివర్లో దారి పటం బాగుంది. దొంగ వేషానికి ఇప్పుడు కొంచెం బుద్ధి కూడా ఇచ్చారు. కానీ పంతొమ్మిదో పేజీలో సూత్రం మారిపోయింది. దారిలో మనిషి పోతే అతని మూట పంచాలి, అని ఉంది. మేం అప్పుడు పొంగే వాగు దగ్గర ఉన్నాం. దాటాలంటే పగ్గం కావాలి.

"పగ్గం ఇటియ్యి వదినా. పుస్తకంలోనే ఉంది," అన్నాడు వీరాస్వామి. వాడి దృష్టిలో వాడు న్యాయమే అడిగాడు.

వదిన అగ్గిపెట్టె చాప మీద పెట్టింది. "పుస్తకంలో ఉంటే పంచుకోండి," అని లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మిల్లులో ఎదురుపడితే తల పక్కకి తిప్పుకునేది. నేను వీరాస్వామి చొక్కా పట్టుకున్నాను, రెండు గుండీలు ఊడాయి. అగ్గిపెట్టె నా జేబులో వేసుకున్నాను. సూత్రం మార్చిన మనిషి చేతే మళ్లీ మార్పించి, ఆ పేజీ తెచ్చి వదిన ముందు పెట్టాలి. అదొక్కటే నా పని.

మిల్లుకి సెలవైన మంగళవారం బయల్దేరాను. జగ్గయ్యపేట నుంచి బెజవాడ బస్సు ఏడు దాటాక ఉంటుంది, నందిగామకి టికెట్టు మూడు రూపాయల పైచిల్లర. చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డెక్కాక ఎండ ఎదురుగా కొడుతుంది, డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉన్నా ఆశపడొద్దు. గౌరవరం, నవాబుపేట, అంబారుపేట వరసగా వస్తాయి. అటూ ఇటూ మిరప కళ్లాలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కిటికీలోంచి ఘాటు కొట్టి బస్సంతా తుమ్ములే. మామూలప్పుడైతే నవ్వొచ్చేది. ఆ రోజు ఆయన్ని అడగాల్సిన మాటలు లోలోపల వల్లె వేసుకుంటున్నాను, ప్రతి తుమ్ముకీ మొదటికొస్తోంది.

కండక్టరు నా చేతిలో పుస్తకం చూసి ఆగాడు. "రెండో అచ్చా తమ్ముడూ? తీసి కిటికీలోంచి పారెయ్యి."

"మూట గురించేనా అన్నా?"

"మూట సంగతి నాకు తెలవదు. సుంకం గేటు దగ్గర లంచం గవ్వ తీసేశాడయ్యా! లంచం లేకుండా గేటు దాటిన బండి ఈ రోడ్డు మీద ఎన్నడన్నా చూశావా? మరీ అంత అబద్ధం ఆట ఎట్టా ఆడేది?"

వెనక సీట్లో ముసలమ్మ అందుకుంది. "గేటు సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు నా చిల్లరియ్యి నాయనా."

ఎనిమిదిన్నరకల్లా నందిగామలో దిగాను. బస్టాండు ఎదురు సందులో మొదటి హోటల్లో పెసరట్టు ఉప్మా తినండి, అల్లం చట్నీ అడిగి మరీ వేయించుకోండి. పెనం దగ్గరున్నాయన పేరు అడగలేదు గానీ ఆయనా మనవాడే, సాయంత్రాలు కావలివాడి వేషం కడతాడట. పుస్తకం చూసి మొహం వెలిగింది.

"కొత్తది బంగారమండి. పాతదాంతో కోట చేరడానికి ఆర్నెల్లు పట్టేది. ఇప్పుడు పక్షం తిరక్కుండా చేరిపోతన్నాం. మూట మోసే బాధ లేదు గదా!"

"చేరి ఏం చేస్తున్నారు?"

అట్టు తిరగేస్తూ ఆలోచించాడు. "మళ్లీ మొదలెడతన్నాం."

అట్టు బాగుంది కాబట్టి పోట్లాట పెట్టుకోలేదు. పుస్తకం రాసిన పానకాలరావు గారు ఎక్కడుంటారో చెప్పింది కూడా ఆయనే. కోర్టు ఎదురు రేకుల షెడ్డులో దస్తావేజులు రాస్తారు. నేను అప్పటిదాకా ఆయన్ని పెద్ద మేడలో ఊహించుకున్నాను. మేడలో ఉన్నవాడి మీదైతే అరవడం తేలిక.

షెడ్డులో నాలుగు బల్లలు, చివరి బల్ల ఆయనది. పలచటి మనిషి, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఎదురుగా చందర్లపాడు వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములు, తండ్రి పోతే ఇల్లు పంచుకుంటున్నారు. "పెరట్లో బావి చెరి సగం," అని పెద్దవాడు అంటుంటే ఆయన రాస్తున్నారు. "గిలక ఎవరిది?" అన్నాడు చిన్నవాడు. దాని మీద పావుగంట నడిచింది. నేను స్తంభానికి ఆనుకుని పళ్లు కొరుకుతూ నిలబడ్డాను. వాళ్లు టీకి లేవగానే వెళ్లి పుస్తకం బల్ల మీద కొట్టాను.

"పానకాలరావంటే నువ్వేనా?"

"నేనే నాయనా. స్టాంపు కాగితం తెచ్చుకున్నావా?"

"మూట పంచాలని ఎవడు రాయమన్నాడు?"

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని పేజీ చూశారు. "ఎవరూ రాయమన్లా. నేనే రాశా."

"మరి మొదట ఉంచాలని రాశారుగా! మేమంతా అట్టాగే ఆడాంగా!"

ఆయన మొహంలో కోపం రాలేదు. సిగ్గులాంటిది వచ్చింది. "ఉంచాలని నేనెప్పుడూ రాయలేదు నాయనా. అది అచ్చుతప్పు." పాత చిత్తు కాగితం మీద ఒక ప రాసి చూపించారు. ఆయన ప మొదట్లోనే చిన్న మెలిక పడుతుంది, తొందరగా రాస్తే అచ్చం ఉ లాగే ఉంటుంది. "అక్షరాలు పేర్చే కంపోజిటరు దాన్ని ఉ అనుకున్నాడు. అచ్చయ్యాక చూశా. ఒక్క అక్షరం కోసం మళ్లీ వేయించే తాహతు లేక వదిలేశా. ఈసారి దిద్దించా."

వల్లె వేసుకొచ్చిన మాటలన్నీ పోయాయి. తిట్టడానికి వస్తే తిట్టాల్సింది ఎవర్నో తెలియలేదు. అచ్చుతప్పట! కోటేశు మూట రత్తమ్మ వదిన మోసింది, కోదాడలో ఎవరో ఎవరి మూటో మోస్తున్నది, అంతా ఒక కంపోజిటరు పొరపాటట. నేను జేబులోంచి అగ్గిపెట్టె తీసి దస్తావేజు పక్కన పెట్టాను. మొత్తం చెప్పాను. అరుస్తూనే మొదలెట్టాను, ఎక్కడ గొంతు తగ్గిందో నాకే తెలియదు.

టీ తాగొచ్చిన చిన్న తమ్ముడు తొంగిచూశాడు. "ఎవరిదయ్యా ఆస్తి, అగ్గిపెట్టెలో పట్టింది?"

"నువ్వాగు," అన్నారు పానకాలరావు గారు. ఆ తర్వాత నన్ను ఒకటొకటే అడిగారు. మూట మోసే మనిషికి గవ్వ తగ్గుతుందని ఎవరన్నారు? మేమే, బరువుంటే అడుగు తగ్గాలిగా అన్నాను. కోట దగ్గర ఏం చేస్తారు? దించి తలా ఒక మాట చెప్తాం అన్నాను. ఏం మాట? మంచిదే చెప్పాలని లేదండీ, నిజమైంది చెప్పాలి అన్నాను. ఆయన తన ఆట గురించి వేరేవాళ్ల నోట మొదటిసారి వింటున్నట్టు విన్నారు. అగ్గిపెట్టె ముట్టుకోలేదు.

"ఏళ్ల తరబడి ఇక్కడే కూర్చున్నా," అన్నారు. "మనిషి పోయాడని వస్తే నా చెయ్యి పంచాలి అనే రాస్తది. ఆటకి రాసేప్పుడు కూడా అదే రాసింది. ఉంచమని రాయించుకోడానికి నా దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలా."

కలం తీసుకుని నా పుస్తకంలో పంచాలి అన్న మాట కొట్టేశారు, దాని పైన ఇంకో మాట రాశారు. ఊదుతూ ఆరబెట్టి ఇచ్చారు. చూశాను. తిప్పి చూశాను. మొదటి అక్షరానికి మెలిక ఉంది, ఉన్నంత మాత్రాన ఏ అక్షరమో తేలడం లేదు.

"ఏవండీ, ఇది ఉ నా, ప నా?"

ఆయనా కళ్లజోడు సర్దుకుని చూశారు, నవ్వారు. "నా చెయ్యింతే నాయనా. ఆ అమ్మాయికి చూపించు. ఆమె ఏది చదివితే అదే సూత్రం."

మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చాను. రత్తమ్మ వదిన గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఏమీ చెప్పకుండా పుస్తకం తెరిచి చేట పక్కన పెట్టాను. ఆమెకి చదువు కోటేశు నేర్పిందే, కూడబలుక్కుని చదువుతుంది. నేను చూపు తీసి రోడ్డు వైపు పెట్టుకున్నాను.

ఆమె వేలు ఆ మాట కింద పెట్టింది. "ఉం," అంది. ఆగింది. "చా. లి."

చెయ్యి చాచింది. అగ్గిపెట్టె ఇచ్చాను. దారం గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది.

"ఇంకా ఆ వాగు కాడే ఉన్నారా మీరు?"

"అక్కడే ఉన్నాం వదినా. నువ్వు లేకుండా ఎవడు కదిలాడు?"

ఆ సాయంత్రం వీరాస్వామి గుండీలు కుట్టించుకున్న చొక్కాతో వచ్చాడు. వదిన ఒడిలో అగ్గిపెట్టె చూసి కాసేపు గవ్వలు గలగలలాడించాడు. "పైకి పోతే రేవు ఉంటదేమో, చుట్టు తిరిగి పోదాంలే," అన్నాడు. చుట్టు తిరిగితే ఇంకో నెల. ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు నన్ను అడుగుతున్నారు, మరి ఏ అచ్చు సరైందిరా అని. నాకు తెలియదు. రాసినాయన అనుకున్నది ఒకటి, అచ్చయింది ఒకటి, మనం మోసింది ఇంకొకటి. తప్పు అక్షరాన్ని పట్టుకుని ఇంతమందిమి ఇన్నాళ్లు పోయినవాళ్లని వెంట తీసుకుని నడిచాం. దాన్ని సరిచెయ్యడానికి వెళ్లిన నాకే, సరి అన్నది ఏ వైపుందో తెలియకుండా పోయింది. పెసరట్టు వేసే ఆయన పక్షంలో కోట చేరతాడు, చేరనీయండి. మేం ఇంకా దారిలోనే ఉన్నాం. దారి బాగానే ఉంది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. మీ పుస్తకం మీరే తీసుకెళ్లండి, కోర్టు జనం చుట్టుముట్టకముందే, పదిలోపే షెడ్డు చేరండి, ఆయన దిద్ది ఇస్తారు. స్పష్టంగా రాయమని మాత్రం అడక్కండి.