ముప్పై నాలుగు మిల్లీసెకన్లు

ఆఫీసులో ఆవిడను అందరూ అనుమానమ్మ అనేవారు. ఎదుటపడితే మాత్రం మేడమ్. అంతరిక్ష నౌక ఇంకా నేల మీద ఉండగానే, అది ఎగిరితే ఎలా ఉంటుందో కంప్యూటర్లో నటించి చూపే సిమ్యులేటర్ ఒకటుంది. దాన్ని నమ్మవచ్చో లేదో తేల్చి సంతకం పెట్టడం ఆవిడ ఇరవై రెండేళ్ల ఉద్యోగం. ఇంట్లో భర్త "కూరలో ఉప్పు సరిపోయింది" అన్నా, "ఎన్ని ముద్దలు తిని చెబుతున్నారు?" అని అడిగే మనిషి.

ప్రయోగానికి పన్నెండు రోజులుందనగా, నౌక సాఫ్ట్‌వేర్ ఆ సిమ్యులేటర్ మీద నాలుగు వందల పరీక్షలు నెగ్గింది. ఒక్కటీ తప్పలేదు. అందరూ భుజాలు చరుచుకున్నారు. అనుమానమ్మకు అన్నం సయించలేదు. ఏ యంత్రమైనా ఒక్కసారైనా మొరాయించకుండా ఉంటుందా?

పాత ఫైళ్లు తిరగేసింది. సిమ్యులేటర్లో ఇంధన వాల్వ్ తెరుచుకునే సమయం ఇరవై మిల్లీసెకన్లు. పక్కనే చిన్న అక్షరాల్లో: "నౌక సాఫ్ట్‌వేర్‌తో సరిపోయేలా మార్చడమైనది." కింద తొమ్మిదేళ్లనాటి సంతకం. తనదే.

అంటే, విద్యార్థి రాసిన జవాబు చూసి పంతులు తన జవాబు దిద్దుకున్నాడన్నమాట. పైగా, అలాంటి సంతకం పెట్టినవారికి ఇక సంతకం చేసే అధికారం ఉండకూడదని నియమం రాసిన మహానుభావురాలు కూడా తనే.

వాల్వుల షెడ్‌కు వెళ్లింది. అక్కడి ముసలి ఫిట్టర్ తలెత్తి చూశాడు.

"ఏమ్మా, నా వాల్వ్ మీద కూడా అనుమానమేనా?"

"కాదు బాబాయ్. నా మీద."

ఆయన వాల్వ్ తెరుచుకునే సమయం పదిసార్లు కొలిచాడు. పదిసార్లూ ముప్పై నాలుగు.

"ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదమ్మా. అడిగితే చెప్పేవాణ్ణిగా."

ఆ అంకె సిమ్యులేటర్లో వేసి చూస్తే, తెర మీద నౌక ఇంధనం అయిపోయేదాకా గింగిరాలు కొట్టింది.

పెద్దాఫీసరు తలుపు మూసి గొంతు తగ్గించాడు. "ప్రయోగం ఎలాగూ ఆపుతాను తల్లీ. కారణం 'సమాచార లోపం' అని రాసెయ్. ఎవరి పేరూ రాదు, నీ ఉద్యోగానికీ ఢోకా ఉండదు."

"సమాచారం ఏం చేసిందండీ, పాపం? షెడ్‌లోనే ఉంది" అని ఆవిడ రాసింది: "వాల్వ్‌ను కొలవకుండా అంకె మార్చి సంతకం చేశాను."

ఇప్పుడు షెడ్‌లో స్టూలు మీద కూర్చుని కొలతలు రాస్తుంది. సంతకం ఫిట్టర్‌ది. చదవకుండా పెట్టబోతే కాగితం లాక్కుంటుంది.