గాయపడ్డ ఏనుగు నా వంతు

నేను విశ్వవిద్యాలయంలో సంభావ్యత పాఠం చెబుతాను. బొమ్మా బొరుసూ, పాచికలూ, సంచిలో ఎర్ర బంతులూ నల్ల బంతులూ, ఇవే నా బతుకుతెరువు. పాచికకు జ్ఞాపకం ఉండదనీ, తనను ఎవరు విసిరారో దానికి తెలియదనీ ఏటా కొత్తగా చేరిన పిల్లలకు గొంతు చించుకుని చెబుతాను. అలాంటి నేను నా చెయ్యి మంచిది కాదని నమ్మేదాన్ని. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా కాపురం చేశాయని అడగకండి. చేశాయి, అంతే.

ఈ సంగతి తేలింది ఆదివారాల ఆటలో. తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక ఫ్లాటు. ఆ ఇంటాయన మా క్యాంపస్ లైబ్రరీలో పనిచేస్తారు, పుట్టి పెరిగింది అంబర్‌పేటలో. ఆయనా ఆయన భార్యా ఒక పక్షం. నేనూ, కెమిస్ట్రీ చెప్పే కాకినాడ మాస్టారూ ఇంకో పక్షం. టిఫిన్లు అయ్యాక భోజనాల బల్ల మీద ఆకుపచ్చ దుప్పటి పరిచి, దాని కింద లావుపాటి పుస్తకాలు దూర్చి కొండలు చేస్తాం. అన్నిటికన్నా పెద్ద కొండ నా పాత స్టాటిస్టిక్స్ పుస్తకమే. అది ఎవరికైనా అంతగా ఉపయోగపడటం అదే మొదటిసారి. వాటి మీద బొటనవేలంత సైనికుల బొమ్మలు, గుర్రాలు, ఏనుగులు. టేపుతో కొలిచి బొమ్మలను జరపడం, పాచికలు విసిరి ఎవరు పడిపోయారో తేల్చడం, ఇదే మా యుద్ధం. మధ్యాహ్నం అన్నాలకు బల్ల కావాలి కాబట్టి ఆలోగా ఎవరో ఒకరు ఓడిపోవాలి.

మా మధ్య ఎప్పుడూ తగువు తెచ్చే దళాలు రెండు. ఒకటి ఏనుగు. అది మీద పడితే ఒక్క పాచిక వేస్తాం. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే ఎదుటివాళ్ల సైనికులు ముగ్గురు ఒక్క ఊపున పోతారు. లేదంటే ఏమీ జరగదు. రెండోది తుపాకీ దళం. దానికి ఆరు పాచికలు. ఐదో ఆరో పడ్డ ప్రతి పాచికకూ ఒక సైనికుడు పడతాడు. లెక్క వేస్తే రెండింటికీ సగటున ఇద్దరే. ఈ మాట నేను ఎంత చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. ఏనుగు గెలిస్తే గదంతా చూస్తుంది. ముగ్గురిని ఒకేసారి ఎత్తి పక్కన పెట్టడంలో ఉన్న సంబరం, ఒకసారి ఒకడినీ ఇంకోసారి ఇద్దరినీ ఏరుకోవడంలో లేదు. నిజం చెప్పొద్దూ, నాకూ ఏనుగంటేనే ఇష్టం.

ఏనుగుకు మేం పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. దానికి దెబ్బ తగిలితే మెడకు ఎర్ర దారం కడతాం. అక్కడి నుంచి దానికి ఆరు పడితేనే లెక్క, పడకపోతే ఏనుగు పోయినట్టే.

కాకినాడ మాస్టారికి హస్తవాసి ఉందని అందరి నమ్మకం. వాళ్ల డిపార్ట్‌మెంటులో కొత్త పరికరం ఏది వచ్చినా స్విచ్చి ఆయన చేతే వేయిస్తారట. మా ఆటలోనూ అంతే. పొద్దున మొదటి పాచికను బోణీ అనేవాళ్లం. సరి సంఖ్య పడితే మేము ముందు కదలాలి, బేసి పడితే వాళ్లు. ఇరుపక్షాలకూ కలిపి వేసేది ఒకటే పాచిక, అయినా అది ఆయనే వేయాలి. ఏనుగులూ ఆయనవే. ఎర్ర దారం పడ్డాక మాత్రం పాచిక నా వైపు జరిపేవారు, ఇక మీరు వేసేయండి మేడం, ఎలాగూ పోయేదే కదా అని. నేను వేసేదాన్ని. పోయేది. నలుగురం ఒకేసారి అయ్యో అనేవాళ్లం.

అలా ఆదివారాలు గడిచేకొద్దీ మేడం చెయ్యి పడితే ఏనుగు లేవదన్న మాట ఖాయమైపోయింది. తుపాకీ దళం పూర్తిగా నాదే. అది ప్రతి వారమూ కిమ్మనకుండా తన పని తాను చేసుకుపోయేది. ఆ గెలుపు ఎవరూ నా చేతికి కట్టలేదు, నేను కూడా కట్టుకోలేదు.

నాకు అందులో కొత్తేమీ అనిపించలేదు మరి. కర్నూలులో మా నాయనకు చిన్న బట్టల కొట్టు ఉండేది. ఒకసారి సెలవుల్లో పొద్దున్నే వచ్చిన బేరానికి నేను ముచ్చటపడి గుడ్డ కొలిచి ఇచ్చాను. ఆ రోజు వాన పట్టుకుని చీకటిపడేదాకా ఇంకొకరు కొట్టు మెట్టెక్కలేదు. అంతే, ఆ తర్వాత నన్ను పొద్దున పూట బేరం ముట్టనివ్వలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నాయన లోపల నడుం వాల్చితే, నేను స్టూలు మీద కూర్చోవాలి. లేచి వచ్చి ఏమన్నా బేరం అయిందా అని అడిగేవాడు. లేదనేదాన్ని. "నువ్వు కూచుంటే అంతేలేమ్మా" అని నవ్వేవాడు. నాయన కటువైన మనిషి కాదు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. నవ్వాడు కాబట్టి నమ్మాను.

ఒక వానాకాలం రోజు క్లాసులో ఎప్పుడూ చెప్పే ఉదాహరణే చెబుతున్నాను. ఊళ్లో చిన్నాసుపత్రి ఒకటి, పెద్దాసుపత్రి ఒకటి ఉన్నాయనుకోండి. చావులు పెద్దాసుపత్రిలోనే ఎక్కువ. అంతమాత్రాన అక్కడి డాక్టర్లు చేతకానివాళ్లు కారు, ప్రాణం మీదికి వచ్చాకే అక్కడికి తీసుకొస్తారు. ఎవరి చేతిలో పోయారని కాదు, ఎలాంటి స్థితిలో ఉండగా ఆ చేతిలో పెట్టారని అడగండి అన్నాను. అనేసి ఆగిపోయాను. బోర్డు మీద సుద్దముక్క పట్టుకుని ఉన్న నా చెయ్యి నాకే కనిపించింది. ఎర్ర దారం కట్టిన ఏనుగు కనిపించింది. వెంటనే, నేను పిలవకుండానే, మా కొట్టు కూడా వచ్చింది. కర్నూలు ఎండలో మిట్టమధ్యాహ్నం గుడ్డలు కొనడానికి ఎవరొస్తారు? కుక్కలు కూడా అరుగుల కింద దూరే వేళ అది. ఆ వేళలోనే కదా నన్ను కూర్చోబెట్టింది.

పాఠం మధ్యలోనే కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు బీపీ అనుకుని నీళ్ల సీసా ఇచ్చారు. క్లాసయ్యాక క్యాంపస్ చెట్ల కింద నడుస్తుంటే ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా శుభకార్యాల్లో దీపం వెలిగించమంటే వెనక్కి జరిగాను. కొత్త బీరువా తాళం మా ఆయన చేతే తీయించాను. నాకు ఆటలో గెలవాలని లేదు. దెబ్బ తగలని ఏనుగు కోసం ఒక్కసారి పాచిక నా చేతిలో పడాలి, అంతే. వాళ్లు ఇస్తారా అన్నది తర్వాత సంగతి, అసలు నేను నోరు తెరిచి అడగగలనా?

ఆ ఆదివారం అవకాశం వచ్చింది. మా ఏనుగు నా స్టాటిస్టిక్స్ కొండ దిగి నిలబడింది, మెడకు దారం లేదు. ఎదురుగా కోట గుమ్మంలో ముగ్గురే సైనికులు. వాళ్లు పడితే యుద్ధం మాది, లేకపోతే వాళ్లది. మాస్టారు పాచిక అందుకున్నారు.

"సార్, ఈసారి నేనేస్తా" అన్నాను.

"ఇది ముఖ్యమైందండీ మేడం."

"అందుకే అడుగుతున్నా."

ఆయన పిడికిలి విప్పడానికి కాస్త సమయం పట్టింది. ఇచ్చారు. వేశాను. రెండు పడింది.

కోట వాళ్లదే అయింది. మాస్టారు పాపం చెడ్డగా ఏమీ అనలేదు, నేను చెబుతూనే ఉన్నానండీ అని మెల్లగా అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఎర్ర దారం సంగతి, ఆసుపత్రుల సంగతి, మా కొట్టులో మధ్యాహ్నాల సంగతి అన్నీ కక్కేశాను. చివరికి "దారం కట్టినాకనే కదా సార్ నాకిస్తారు మీరు?" అన్నాను.

మాస్టారు పాత ఆటలన్నీ గుర్తు చేసుకుంటున్నట్టు బల్ల వైపు చూశారు. అలా ఎప్పుడూ అనుకోలేదండీ అన్నారు. ఇంటాయన బొమ్మలు డబ్బాలో సర్దుతూ కూర్చున్నారు. అన్నాల దగ్గర ఆయన భార్య నా కంచంలో అడగకుండానే ఇంకో గరిటె పప్పు వేసింది.

ఆ వారమంతా పాచిక మీద పడ్డ ఆ రెండు నన్ను వదల్లేదు. ఒక్క పాచికతో ఏదీ రుజువు కాదని పరీక్ష పేపర్లో రాయని పిల్లలకు మార్కులు కోసేదాన్ని నేనే. అది బుర్రకు తెలుసు. మనసులో మాత్రం, చూశావా, నీ చెయ్యి అంతే అని ఒకటే పోరు. ఇక వెళ్లకూడదనుకున్నాను. ఆదివారం వచ్చేసరికి ఎందుకో వెళ్లాను.

దుప్పటి పరిచారు, కొండలు లేచాయి. బోణీ పాచిక కోసం మాస్టారు అలవాటుగా చెయ్యి చాచారు.

"ఆగుండ్రి సార్" అన్నారు ఇంటాయన. "ఇయాల బోణీ మేడమే చేస్తరు."

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకుని, అవునండీ, మీరే చేయాలి అన్నారు. నా చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవలేదు. ఇంటాయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి పాచికను నా అరచేతిలో పెట్టారు.

"ఏది పడితే గదే, మేడం."

వేశాను. సరి పడిందో బేసి పడిందో నాకు గుర్తు లేదు. ఎంత తలచుకున్నా రావడం లేదు. ముందు వారం పడ్డ ఆ రెండు మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఆ తర్వాతి ఆదివారం బోణీ పాచిక కోసం నేనే చెయ్యి చాచాను.